ఆర్కెస్ట్రాలో రాగం ఇముడుతుందా?

కథానాయకుడు తెర మీదికి రాగానే ఒక్కుమ్మడిగా లేచే వయొలిన్లూ బాకాలూ మన సంగీతం కాదనీ, హాలీవుడ్ నుంచి తెచ్చి అతికించినవనీ చాలామంది సంగీతప్రియులు బాధపడుతుంటారు. చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. ముత్తుస్వామి దీక్షితులవారు ఈస్టిండియా కంపెనీ బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి, శంకరాభరణంలో నొట్టుస్వరాలు రాశారు. వాటిలో ‘సంతతం పాహిమాం’ బాణీ సాక్షాత్తూ బ్రిటిష్ రాజగీతానిదే. పాశ్చాత్యుల మేజర్ స్కేలు, మన శంకరాభరణం స్వరస్థానాలు ఒకటే కాబట్టి ఆ పని కుదిరింది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇవాళ అది లేని గాత్ర కచేరీ అరుదు.

మైలవరం, నందిగామ వైపున్న మన మెట్టప్రాంతం సంగతే చూడండి. మైలవరం రాజావారి అండతో వెలిగిన బాలభారతీ నాటక సమాజంలో కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయక నటులు పద్యానికి ప్రాణం పోశారు. ఆనాటి పద్యనాటకానికి శ్రుతి పట్టిన హార్మోనియం యూరప్‌లో పుట్టిందే. దాని మెట్ల మీద గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. అదే ఆకాశవాణి రోజూ ఉదయం వినిపించిన సంకేత సంగీతాన్ని కూర్చింది మాత్రం యూరప్ నుంచి బొంబాయికి వచ్చిన యూదు స్వరకర్త వాల్టర్ కాఫ్‌మన్! 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక నందిగామ, జగ్గయ్యపేట ఇళ్లలోనూ తెల్లవారింది ఆ బాణీతోనే. శ్రద్ధగా వినండి: అడుగున తంబురా ఆధార శ్రుతిని వదలదు, దాని మీద వయొలిన్, మధ్యమ నిషాదాలు లేని శివరంజనిలో, తొందర లేకుండా సాగుతుంది. కింద నిలకడ, పైన నడక. రాగం చెడకుండా వాద్యాలను కలిపే కిటుకంతా ఈ చిన్న బాణీలోనే ఉంది.

అయితే గమకం గురించిన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఒక్క వయొలిన్ జారినట్టు ముప్పై వయొలిన్లు ఒకే తీరుగా జారడం కష్టం. స్టాఫ్ నొటేషన్‌లో స్వరస్థానం రాసినంత సులువుగా స్వరాల మధ్య ఊగిసలాటను రాయలేం. అందుకే తెలిసిన స్వరకర్తలు గమకాన్ని గొంతుకో వేణువుకో వీణకో అప్పగించి, వాద్యబృందం చేత నిలకడ స్వరాలు పలికిస్తారు. త్యాగరాజస్వామికీ బాఖ్‌కీ అంకితంగా ఇళయరాజా 1986లో వెలువరించిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఈ రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో చూపించింది. పాశ్చాత్యుల హార్మోనిక్ మైనర్ స్కేలు స్వరాలే మన కీరవాణివి. ఆ రాగం పేరే ఉన్న కొవ్వూరు బిడ్డ, స్వరకర్త కీరవాణి ‘బాహుబలి’కి అంత పెద్ద వాద్యబృందాన్ని నడిపించారు. ఇక ‘కాపీ’ అన్న మాటకొస్తే, 1977 నాటి ‘స్టార్ వార్స్’ సంగీతంలో హోల్స్ట్ ‘ప్లానెట్స్’ ఛాయలు విననివారెవరు? అరువు తప్పు కాదు. తెచ్చినదాన్ని మనదిగా మలుచుకోలేకపోతేనే తప్పు.

మలుచుకోవాలంటే రెండు భాషలూ తెలిసిన చేతులు కావాలి. మన ఊళ్లలో పిల్లలకు సరళీ వరుసలు, గీతాలు నేర్పే గురువులు వర్ణాల దగ్గరికి వచ్చేసరికి స్టాఫ్ నొటేషన్ చదవడం కూడా నేర్పాలి.