ఇంటిల్లిపాదికీ ఏటిగట్టు నడక

గోదావరి ఒడ్డు గ్రామాలవారికి ఏటిగట్టు కొత్త కాదు. పొలమునకు, రేవుకు, పొరుగూరికి అదే దారి. అయితే పనిమీద పోవునప్పుడు గట్టును ఎవరును పరీక్షగా చూడరు. నెలకు ఒక సాయంకాలము పనులు పక్కనబెట్టి, ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని, ఒక గంటసేపు గట్టుమీద నడచి రండి. ఖర్చు లేని ఈ వేడుకవలన పిల్లలకు ఉల్లాసము, ఊరికి రక్షణ రెండును చేకూరును.

ఎక్కడ, ఎప్పుడు?

ఉదాహరణకు కోనసీమలో ఆత్రేయపురము మండలమునందలి వాడపల్లిని తీసికొందము. వేంకటేశ్వరస్వామి ఆలయము గౌతమి ఒడ్డుననే ఉన్నది. శనివారములలో భక్తుల రద్దీ ఎక్కువ గనుక మరియొక దినమును ఎంచుకొనుట మేలు. ఆలయము వద్దనుండి గట్టువెంట దిగువకు ఒక మైలు పోయి తిరిగి వచ్చిన చాలును. దారి సమతలము. చంటిబిడ్డ తల్లియు, చేతికర్రతో నడచు తాతగారును కూడ శ్రమ లేక నడువగలరు. కార్తీకమునుండి మాఘమువరకు ఈ నడకకు అనువైన కాలము. వరదలు తగ్గియుండును, ఎండ తీక్షణముగా ఉండదు.

దారిలో చూడదగినవి

దిగువకు నడచునప్పుడు ఎడమవైపున ఏరు, కుడివైపున కొబ్బరితోటలు, వరిచేలు కనబడును. ధవళేశ్వరము వద్ద గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలినది. ఆ రెంటి నడుమ భూమియే మన కోనసీమ. ధవళేశ్వరము వద్ద కాటన్ దొర ఆధ్వర్యమున 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తి అయినది. నేడు ఆయన పేరుగల బ్యారేజీ దాని స్థానమున పనిచేయుచున్నది. ఈ సంగతులు పిల్లలకు గట్టుమీదనే చెప్పినచో బాగుగా గుర్తుండును.

గట్టుకు ఏటివైపున లంక భూములు చూడుడు. వరద విడిచిన ఒండ్రులో కూరగాయలు, అరటి, కంద ఏపుగా పెరుగును. ఇసుక మేటలపై రెల్లు దుబ్బులుండును. వాటి వేళ్లు ఇసుకను పట్టి ఉంచును. కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు పిల్లలకు వినోదము కలిగించును.

నేల వాలును కూడ గమనింపుడు. ప్రతి వరదలోను బరువైన ఇసుక, మట్టి ముందుగా ఒడ్డుననే పడును. సన్నని ఒండ్రు దూరము పోయి నిలుచును. అందుచేత డెల్టాలో ఏటి ఒడ్డు ఎత్తుగను, దూరపు చేలు పల్లముగను ఉండును. సాగునీటి కాలువలను ఎత్తు నేలలవెంట, మురుగు కాలువలను పల్లమువెంట త్రవ్వుటకు ఇదియే కారణము. గట్టు తెగినచో నీరు ఒడ్డున ఆగక పల్లపు చేలపైకి పరుగెత్తును. గట్టుకు దూరముగా ఉన్నామని ధైర్యపడు రైతు చేను కూడ మునుగుట ఇందువలననే.

గట్టును చూచు విధము

1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. పలుచోట్ల గట్లకు గండ్లు పడినవి. 2022 జూలైలో 25 లక్షలకు మించి వచ్చినది. అచ్చట 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేయుదురు. నాడు నీరు ఎంతవరకు వచ్చినదో ఇంటి పెద్దలను అడిగి, ఆ చోటును పిల్లలకు చూపుడు.

నడచునప్పుడు ఈ క్రింది వాటిని కనిపెట్టవలెను:

1. పందికొక్కులు, ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు. వరదలో నీరు వీటిగుండా దారి చేసికొనును.

2. పశువులు ఒకేచోట ఎక్కి దిగుటవలన పడిన గాళ్లు. వానకు ఇవి లోతగును.

3. గట్టు మొదట మట్టి త్రవ్విన గుంటలు.

4. చెత్తకుప్పలు. ఇవి బొరియలను కప్పివేయును, ఎలుకలను పెంచును.

5. ఎండిన పెద్ద చెట్లు. వేళ్లు కుళ్లినచోట సందులు ఏర్పడును. గాలికి చెట్టు కూలినచో గట్టు మట్టి పెళ్లగిలును.

గట్టుపై దట్టముగా పెరిగిన గరిక మాత్రము మేలు చేయును. దానిని చెక్కివేయరాదు.

లోపము కనబడినచో స్థలము గుర్తుపెట్టుకొని గ్రామ సచివాలయమునందును, జలవనరుల శాఖ సిబ్బందికిని తెలుపవలెను. బొరియను పైపైన గుప్పెడు మట్టితో మూయుటవలన లాభము లేదు. లోపలివరకు త్రవ్వి, బంకమట్టి పొరలుగా వేసి, దిమ్మిసతో గట్టిపరచవలెను. ఈ పని శాఖవారే చేయించవలెను గాని రైతులు తమంతట గట్టును త్రవ్వరాదు. వేసవిలో సులభముగా తీరు ఈ పని శ్రావణమాసపు వరద రాత్రిలో ఎవరితరము కాదు.

వరద సమయమున ఊరివైపు నీరు ఊరినచో దాని రంగు చూడవలెను. తేటనీరైనను కావలి ఉంచవలెను. బురదనీరు వచ్చినచో గట్టు లోపలి మట్టి కొట్టుకొని పోవుచున్నదని అర్థము. తక్షణమే అధికారులకు తెలుపవలెను. ఇసుకతో నీరు ఉబుకుచోట మూతవేయరాదు. అధికారుల ఆధ్వర్యమున చుట్టును ఇసుక బస్తాల వలయము కట్టి, లోపల నీటిమట్టము పెరుగనిచ్చి, ఉబుకును తగ్గించుదురు.

జాగ్రత్తలు

గట్టుమీద మోటారు వాహనములు తిరుగును గనుక చిన్నపిల్లల చేయి విడువరాదు. ఎరుగని చోట ఏటిలో దిగరాదు; ఇసుక తీసిన గుంటలు పైకి కనబడవు. చీకటి పడకముందే ఇల్లు చేరవలెను. వరద హెచ్చరిక ఉన్న దినములలో గట్టు కావలివారికే గాని కుటుంబములకు తగదు. దాహమునకు మంచినీరు, పిల్లలకు జంతికలో, ఆత్రేయపురపు పూతరేకులో వెంట తీసికొని పోవచ్చును.

గ్రామాధికారులు తమ ఊరి గట్టును భాగములుగా చేసి, ఒక్కొక్క భాగమును కొన్ని కుటుంబములకు అప్పగించినచో వరదలకు ముందే ప్రతి గజమును చూచినవారు ఊరిలోనే ఉందురు. ఈ సంవత్సరమే ప్రారంభింపుడు.