తిరిగివచ్చిన బూడిద

ఇంటిచెత్త వాకిలి దాటినంతనే మన బాధ్యత తీరినదని మనలో పెక్కుమంది తలంతుము. నేనును మొన్నమొన్నటివరకు అట్లే తలంచినదానను. పెరటిగోడ కావలనున్న ఖాళీస్థలమే నాకు చెత్తకుండీ. ఒకనాటి యుదయమున పొరుగింటి పిన్నిగారు నేను విసరిన ప్లాస్టికు సంచులను, కూరగాయల తొక్కలను తట్ట కెత్తి తెచ్చి మా గడపయొద్ద నుంచి, "అమ్మాయీ! మా యావు వీనిని తినుచున్నది. నీ సొమ్ము నీవే యుంచుకొనుము" అని వెడలిపోయిరి. నాకు తలవంపైనది. కోపమును వచ్చెను, దాచనేల?

ఆ సాయంకాలము మావారు చెప్పిన యొక యోడకథ వినినపిమ్మట ఆ కోపము నిలువలేదు. 1986వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు చెత్తను కాల్చగా మిగిలిన బూడిదను, సుమారు 14,000 టన్నులు, 'ఖియాన్ సీ' యను నోడ కెక్కించిరి. దానిని దింపనిచ్చు రేవు దొరకలేదు. 1988 జనవరిలో హైతీ దేశపు గోనాయీవ్ తీరమున ఎరువని చెప్పి సుమారు 4,000 టన్నులు దింపిరి. నిజము తెలిసి యచ్చటి ప్రభుత్వము మరల నెత్తుకొనుడని యాజ్ఞాపింపగా, ఓడ రాత్రివేళ జారుకొనెను. పేరు మార్చుకొని తిరిగి తిరిగి, మిగిలినదంతయు సముద్రముపాలు చేసెను. హైతీలోని బూడిదను 2000లో గాని యెత్తలేదు. అది 2002లో ఫిలడెల్ఫియా యున్న పెన్సిల్వేనియాకే మరలివచ్చినది.

ఇట్టి యకృత్యముల వలననే 1989 మార్చి 22న స్విట్జర్లండులోని బేసెల్ నగరమున ఒక యొడంబడిక జరిగి, 1992 మే 5 నుండి అమలులోనికి వచ్చెను. అపాయకరమైన చెత్తను పంపదలచినవారు పుచ్చుకొను దేశమునకు ముందుగా వ్రాసి సమ్మతి పొందవలెను. దొంగచాటుగా పంపినచో మరల తెచ్చుకొనవలెను. పిన్నిగారి న్యాయమును ఇదియే గదా! అమెరికా మాత్రము 1990లో సంతకము చేసియు దీనిని నేటికిని ధ్రువపరుపలేదు. 2019లో కలగలుపు ప్లాస్టికును గూడ దీనిలో చేర్చిరి. ఆ నియమము 2021 జనవరి 1 నుండి నడచుచున్నది. మరల వస్తువులు చేయుటకై వేరుచేసిన శుభ్రమైన ప్లాస్టికునకు ఈ నిర్బంధము లేదు. కావున దోషమంతయు కలిపివేయుటలోనే యున్నది, ఆ కలుపుట మన వంటయింటనే మొదలగుచున్నది.

నేనిప్పుడు అడుగున రంధ్రములున్న పాతకుండలో ఒక వరుస ఎండుటాకులు, ఒక వరుస తొక్కలు వేసి, వారమున కొకమారు కలియబెట్టుచున్నాను. వాసన పుట్టినచో ఆకులు చాలలేదని యెరుగునది. నూనెకు గిన్నెయు, సరకులకు గుడ్డసంచియు ఇంటినుండియే పంపుచున్నాను. మావారు మొదట మరచిపోయెడివారు, ఇప్పుడు మరువరు. పాలసంచులను కడిగి యారవేసి వేరుగా నుంచుచున్నాను. అరిగిన బ్యాటరీలకు వేరొక డబ్బా.

మూడునెలలకు కుండలోని యెరువు నల్లగా, మట్టివాసనతో సిద్ధమైనది. తట్టెడు పిన్నిగారి మల్లెపాదునకు పంపితిని. ముందుగా అడిగియే పంపితిని.