చిందు మేళంలో త్యాగం ఎవరిది?

నాటకం కోసం ఆస్తులు కరగదీసుకున్నవాళ్ల కథలు చాలా విన్నాం. పద్యనాటకాల మోజులో పొలాలు అమ్ముకున్నవాళ్లు, ఉద్యోగాలు మానేసినవాళ్లు. వదులుకోవడానికి చేతిలో ముందే ఏదో ఒకటి ఉన్నవాళ్ల కథలవి. అమ్ముకోవడానికి సెంటు భూమి లేకుండా, ఆటే బతుకుగా ఉన్న కులం ఏం వదులుకుంటుంది?

చిందోళ్లు తెలంగాణలో మాదిగల ఆశ్రిత కులం. డక్కలి, మాష్టివాళ్ల లాగే వీళ్లకూ దాతలు మాదిగలే. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద మిరాశి హక్కు ఉంటుంది. పంటలు ఇళ్లకు చేరాక మేళం ఆ ఊళ్లకు వస్తుంది. మాదిగవాడలో దిగి, రాత్రంతా ఆడి, తన వాటా అడిగి తీసుకుంటుంది. ఆ వాటాకు పేరు త్యాగం. అంటే కళాకారుడు వదులుకునేది కాదు, కళాకారుడికి రావలసినది. భిక్ష కాదు, బాకీ. పత్రికల్లో 'కళ కోసం త్యాగం' అనే శీర్షిక కనిపించినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

మేళం ఊరందరి కోసం భాగవత, భారత కథలు ఆడుతుంది. మాదిగల కోసం ఆడవలసింది మాత్రం జాంబపురాణం. భూమి కంటే ఆరు నెలల ముందు పుట్టిన జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు, ఎవరు పెద్దో తేల్చమంటాడు. కులం ఎక్కడి నుంచి వచ్చిందని వేదిక మీద నిలదీసే ఈ పురాణాన్ని చిందోళ్లు నోటితోనే కాపాడుకొచ్చారు. బడిలో దీన్ని ఎవరూ నేర్పలేదు. ఆ మాటకొస్తే మేళంతో పాటు ఊరూరా తిరిగే పిల్లలకు బడే దొరకలేదు. పద్యం, దరువు, అడుగు అన్నీ నోటికి వచ్చిన పిల్లలకు సంతకం రాలేదు. వాళ్లు వదులుకున్నవాటిలో మొదటిది ఇదే. దాన్ని వాళ్లు ఎంచుకోలేదు కూడా.

ఇక ఆడవాళ్ల సంగతి. కూచిపూడి భాగవతంలో సత్యభామ వేషం బ్రాహ్మణ మగవాళ్లే కట్టేవారు, ఆడవాళ్లకు మేళంలో చోటు లేదు. చిందులో మొదటి నుంచీ ఆడవాళ్లు గజ్జె కట్టారు. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన చిందు ఎల్లమ్మ చిన్నతనంలోనే వేషం కట్టి, ముసలితనం దాకా ఆడింది. మగ వేషాలు కూడా వేసి మెప్పించింది. తెలుగు నాటకరంగ చరిత్రలు స్త్రీలు రంగస్థలం మీదకి ఎప్పుడు వచ్చారని లెక్కలు వేస్తాయి. ఆ లెక్కలో ఈ గజ్జెల చప్పుడు ఎందుకు వినపడలేదో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అయితే ఆ స్వేచ్ఛకు ధర ఉంది. ఊరి పండగలో ఎల్లమ్మ వేషం కట్టే చిందు స్త్రీకి జనం మొక్కుతారు. అదే ఊళ్లో అదే కులపు ఆడపిల్లల్ని జోగినులుగా మార్చిన ఆచారమూ నడిచింది. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. వేషం ఉన్నంతసేపు దేవత, ముఖాన అర్దళం కడిగేస్తే గుడి గడప బయట మనిషి. దీన్ని త్యాగం అనకూడదు. లాక్కోవడం అనాలి.

ఈ తేడా ఎందుకంటే, త్యాగం అనగానే దండ వేసి ఊరుకోవచ్చు. బాకీ అంటే తీర్చాలి. నేటి బాకీల్లో చాలావరకు చిన్నవి, రోజువారీవి. ఆట ఉన్న రోజు కూలి పోతుంది. కిరీటాలకూ భుజకీర్తులకూ రంగులు పోయించాలి, మద్దెల మూత మార్పించాలి, మేళాన్ని ఊరికి చేర్చే బండికి కిరాయి కట్టాలి. ఊరి నుంచి వచ్చేదేమో తగ్గిపోయింది. మాదిగ యువకులు చదువుకుని పట్నాలకు వెళ్లారు. వెళ్లాలి కూడా. కానీ పల్లెలో త్యాగం ఇచ్చే చేతులు తగ్గాయి. ఆశ్రిత కులంగా ఉండటం ఆత్మగౌరవానికి తగదని కొత్తతరం చిందు పిల్లలు అంటున్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు.

2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ చిందు ఒక్కరి ఆట కాదు. మద్దెల కొట్టేవాళ్లు, తాళం పట్టేవాళ్లు, వంత పాడేవాళ్లు, వేషాలు మోసే పిల్లలు అందరూ కలిస్తేనే మేళం. పురస్కారం పత్రంలో ఒక్క పేరుకే చోటుంటుంది.

జాంబపురాణం రికార్డు చేద్దామని సెల్‌ఫోన్లతో వెళ్లే విద్యార్థి మిత్రులు ఒక పని చేయవచ్చు. ఆట మొదలవకముందే మేళంలో అందరి పేర్లూ రాసుకోండి. వీడియో కింద ఆ పేర్లన్నీ పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు త్యాగం ఎంతో అడిగి ఇవ్వండి, బేరం చేయకండి.