వేంపల్లె రాళ్లలో సముద్రపు పొరలు

వేంపల్లె నుంచి పులివెందుల, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు వెళ్లే దారి పొడవునా నేల కింద ఉన్నది పాత సముద్రపు అడుగే. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు. అడుగున వేంపల్లె సున్నపు రాయి (డోలమైట్), దానిమీద పులివెందుల ఇసుక, ఆపైన తాడిపత్రి బురద, అన్నిటికీ మీద గండికోట ఇసుక. ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది, బురద పలకరాయి అయింది. పొరలు ఈశాన్యానికి కొద్దిగా వాలి ఉండడంతో, ఉత్తరానికి పోయేకొద్దీ పై పొరలు, అంటే తర్వాతి కాలానివి ఎదురవుతాయి. 1872లో విలియం కింగ్ ఈ కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే రాశాడు.

ఈ రాళ్లలో శిలాజాలున్నాయంటే చాలామంది గవ్వలకో చేప ఎముకలకో వెతుకుతారు. అవి దొరకవు. గవ్వ, ఎముక ఉన్న ప్రాణులు పుట్టడానికి ఇంకా నూరు కోట్ల ఏళ్లకు పైగా ఉన్న కాలమది. అప్పట్లో లోతులేని, ఎండ తగిలే నీళ్ల అడుగున కంటికి ఆనని సయనోబాక్టీరియా జిగట తెరలా పరుచుకునేది. సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకుంటూ నీటిలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసుకునేది. అది తగ్గేసరికి నీటిలో కరిగిన సున్నం విడిపోయి తెరమీద పేరుకునేది. అలలు తెచ్చిన మెత్తటి మన్ను కూడా ఆ జిగటకే అంటుకునేది. వెలుతురు అందకపోతే బతకలేదు గనుక ఆ జీవం మన్ను పైకి పాకి మళ్లీ కొత్త తెర అల్లేది. ఇలా పొరమీద పొరగా లేచిన దిబ్బలే స్ట్రోమటోలైట్లు. బూడిదరంగు డోలమైట్ బండ పగిలిన చోట నీళ్లు చల్లి చూడండి: అడ్డంగా కోసిన ఎర్రగడ్డలా ఒకదానిలో ఒకటి ఒదిగిన సన్నటి గీతలు తేలుతాయి. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నదీ ఈ వేంపల్లె డోలమైట్‌లోనే.

వయసెలా తెలిసిందంటే, తాడిపత్రి పొరల్లోకి కింది నుంచి శిలాద్రవం చొరబడి పులివెందుల దగ్గర నల్లరాయిగా గడ్డకట్టింది. దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని లెక్క తేలింది. అంతకు ముందే పరుచుకుంది గనుక వేంపల్లె రాయి ఇంకా పాతది.

ఇలాంటి దిబ్బలు ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో ఇప్పటికీ పెరుగుతున్నాయి. అక్కడ మామూలు సముద్రం కన్నా రెట్టింపు ఉప్పు. ఆ తెరలను మేసే నత్తలు అందులో నిలవలేవు. వేంపల్లె సముద్రంలో మేసేవే లేవు. అందుకే అక్కడి దిబ్బలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగాయి.

రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్రా, భోజుందా స్ట్రోమటోలైట్లను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా కాపాడుతున్నారు. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయికీ ఆ గౌరవం ఉంది. వేంపల్లె డోలమైట్‌లోనూ మంచి దిబ్బలు బయటపడి కనిపించే చోటు ఒక్కటైనా ఎంచి, కంకర మిల్లుల పాలు కాకముందే కంచె వేయాలి. బడి పిల్లలను తీసుకెళ్లి చూపించడానికి అక్కడ ఒక బోర్డు, తాకి చూడటానికి వీలుగా ఒక నున్నటి కోత బండ ఉంటే చాలు.