జైలు గేటు దగ్గర మన అర్జీ



ఇంట్లో ఒకరు జైలుకు వెళితే, శిక్ష ఆ ఒక్కరికే అని కోర్టు కాగితంలో రాసి ఉంటుంది. ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, బడిలో ఫీజు ఎవరు కడతారు, "మీ అమ్మ ఏదిరా?" అని ఎదురింటివాళ్ళు అడిగితే ఆ పసివాడు ఏమని చెప్తాడు, ఇవేవీ ఆ కాగితంలో ఉండవు. ఈ కుటుంబాలు కూడా మన వీధుల్లోనే ఉంటాయి. నలుగురిలో చెప్పుకోలేరు కాబట్టి మనకు తెలియదు, అంతే.

ఖైదీని ఇంటివాళ్ళు వెళ్ళి చూసి రావడాన్ని ములాఖత్ అంటారు. ఆ కాసేపటి చూపును కొంచెం సులువు చెయ్యాలని మహిళా మండలివాళ్ళో, కాలనీ సంఘంవాళ్ళో అనుకుని జైళ్ళ శాఖకు ఒక అర్జీ పెడతారు. ఆ అర్జీ లోపల ఏ దారిన నడుస్తుంది? కొన్నిటికి సరే అంటారు, కొన్ని బీరువాలోనే ఉండిపోతాయి, ఎందుకని? ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

ములాఖత్ అనేది జైలువారు దయతలచి ఇచ్చే వరం కాదు. 1894 నాటి జైళ్ళ చట్టంలోనే, విచారణలో ఉన్న ఖైదీ తాను కోరినవారితో మాట్లాడుకోవడానికి తగిన ఏర్పాటు ఉండాలని రాశారు. 1981లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఢిల్లీలో నిర్బంధంలో ఉన్న ఒక విదేశీ మహిళను, ఐదేళ్ళ కూతురితో నెలకు ఒక్కసారి మాత్రమే కలవనిచ్చేవారు. అది అన్యాయమనీ, అయినవాళ్ళను కలుసుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమనీ కోర్టు చెప్పింది. 2017లో, దేశంలోని 1,382 జైళ్ళ దుస్థితి మీద తీర్పు ఇస్తూ, కుటుంబాన్ని కలిసే సమయాన్నీ, ఎన్నిసార్లన్నదాన్నీ పెంచే విషయం ఆలోచించమని ప్రభుత్వాలకు చెప్పింది. మీరు అర్జీ రాసేటప్పుడు ఈ రెండు తీర్పుల మాటా ఎత్తండి. "దయచేసి" అని పదిసార్లు రాసినదానికన్నా ఇది బాగా పనిచేస్తుంది.

మన రాష్ట్రానికి సంబంధించిన తీర్పు మరొకటుంది. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అనే కేసులో 2006 ఏప్రిల్ 13న ఇచ్చారు. తల్లితోపాటు జైల్లో ఉండే బిడ్డ ఖైదీ కాదన్నారు. ఆ బిడ్డకు తిండి, బట్ట, వైద్యం, చదువు హక్కుగా ఇవ్వాలన్నారు. ఆరేళ్ళు నిండేవరకు తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ తరువాత తల్లి ఇష్టప్రకారం బంధువులకో, హోముకో అప్పగించాలి, వీలైనంతవరకు ఆ ఊరు దాటించకూడదు. హోములో ఉంచిన బిడ్డను వారానికి ఒక్కసారైనా తల్లికి చూపించాలి, తీసుకువచ్చే బాధ్యత సాంఘిక సంక్షేమ శాఖది. 2022 డిసెంబరు 31 నాటి ప్రభుత్వ లెక్క ప్రకారం దేశంలో 1,537 మంది మహిళా ఖైదీలతో 1,764 మంది పిల్లలు జైళ్ళలో ఉన్నారు. బయట అమ్మమ్మల దగ్గరా మేనత్తల దగ్గరా పెరిగే పిల్లలు ఎందరో ఆ లెక్కలో రానే రారు. వాళ్ళను వారం వారం ఎవరు తీసుకువస్తారు చెప్పండి? శ్రీకాకుళం తల్లికి శిక్ష పడి రాజమహేంద్రవరం మహిళా జైలుకు వస్తే, ఆ ముసలమ్మ మనుమణ్ణి వెంటబెట్టుకుని దాదాపు 300 కిలోమీటర్లు రావాలి. బస్సు చార్జీ, ఒక రోజు కూలి, ఇద్దరి తిండి. ఆదిలాబాదు నుంచి హైదరాబాదు చంచల్‌గూడ మహిళా జైలుకైనా ఇంచుమించు అంతే దూరం. మన అర్జీలకు అసలు పని ఇక్కడుంది.

ఇహ అర్జీ నడిచే దారి. జైళ్ళు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం చేతిలోని విషయం. ఢిల్లీకి రాసి లాభం లేదు. కేంద్ర హోం శాఖ 2016లో ఒక మాదిరి జైలు మాన్యువలూ, 2023లో ఒక మాదిరి చట్టమూ తయారుచేసి రాష్ట్రాలకు పంపింది గాని, అమలు చేసుకోవడం రాష్ట్రాల ఇష్టం. సాధారణంగా గేటు బయట బెంచీలు, మంచినీళ్ళు, పిల్లలకు బొమ్మలు, వచ్చినవాళ్ళకు ఫారం నింపిపెట్టడం, ఇలాంటివి సూపరింటెండెంటు స్థాయిలోనే తేలిపోతాయి. ములాఖత్ వేళలు మార్చాలన్నా, జాలీ అడ్డం లేకుండా పిల్లవాణ్ణి తల్లి ఒళ్ళో కూర్చోనివ్వాలన్నా ఫైలు పై ఆఫీసుకు వెళుతుంది. నిబంధననే మార్చాలంటే హోం శాఖ దాకా పోవాలి, అప్పుడు నెలలు కాదు, ఏళ్ళు. పంజాబు సంగతి చూడండి. భార్యాభర్తలు ఏకాంతంగా కలుసుకునే వీలు కల్పించే విషయం ఆలోచించమని హైకోర్టు కొన్నేళ్ళ ముందే చెప్పినా, అక్కడి జైళ్ళలో అది మొదలైంది 2022 సెప్టెంబరులో.

మన సంఘాలు చేసే పొరపాటు ఒకటుంది. మూడు స్థాయిల కోరికలనూ ఒకే కాగితంలో కుక్కుతారు. బెంచీ కావాలి, ఫోను కావాలి, చట్టం మారాలి! సూపరింటెండెంటు తన చేతిలో లేనిదాని కోసం మొత్తం కాగితాన్ని పైకి పంపేస్తాడు. బెంచీ కూడా దానితోపాటే వెళ్ళిపోతుంది.

అధికారులకు వచ్చే సందేహాలు కూడా విందాం. అన్నీ సాకులు కావు. మొదటిది భద్రత. గుడ్డబొమ్మ లోపల ఏం పెట్టి కుట్టారో ఎవరికి తెలుసు? అంచేత బొమ్మలు లోపలికి ఇస్తామనకండి, గేటు బయట నిరీక్షణ గదిలోనే ఉంచుతామనండి. రెండోది మనుషులు. మీరు కొత్తగా ఇంకో రోజు అడిగితే ఆ రోజు గదికి, తనిఖీకి సిబ్బందిని వెయ్యాలి. ఉన్న ములాఖత్ రోజుల్లోనే చేస్తామంటే ఆ మాట రాదు. మూడోది సమానత్వం. "మా పేటవాళ్ళకు మాత్రమే" అంటే జైలువారు ఒప్పుకోలేరు, ఒప్పుకోకూడదు కూడా.

నాలుగోది మనకు తట్టనిది. ఏ కేసులో ఎవరు సాక్షులో, ఎవరు బాధితులో మనకు తెలియదు. ఒక్కొక్కప్పుడు ఆ పిల్లే బాధితురాలు, నేరం చేసినవాడు ఇంటివాడు. తండ్రి దగ్గరకు వెళ్ళకూడదని కోర్టు ఉత్తర్వు ఉండవచ్చు. తండ్రీ బిడ్డలను కలిపాం అని మనం సంబరపడేలోపు ఆ పిల్ల ఎంత భయపడిందో! అందుకే ఎవరిని కలపాలో ఎంచుకునే పని మనది కాదు, జైలు సంక్షేమాధికారిదీ కోర్టుదీ అని అర్జీలోనే స్పష్టంగా రాయాలి. పిల్లవాడు ఇంట్లో పెరుగుతుంటే సంరక్షకుల సమ్మతి, హోములో ఉంటే శిశు సంక్షేమ కమిటీ అనుమతి, ఇవి లేకుండా ఏ బిడ్డనూ చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళరాదు.

ఇక వాళ్ళు పైకి అడగకపోయినా మనసులో పెట్టుకునే ప్రశ్న ఒకటుంది. వీళ్ళు ఎన్నాళ్ళు వస్తారు? పండుగకు వచ్చి దుప్పట్లూ పండ్లూ పంచి, ఫొటో దిగి వెళ్ళిపోయే సంఘాలను జైలువారు చాలా చూసి ఉంటారు. నాలుగు వారాలు ఆడించి ఐదో వారం మీరు రాకపోతే, గేటు దగ్గర ఎదురుచూసే పిల్లకు ఎవరు సమాధానం చెప్పాలి? ఆ ఫొటో సరదా నాకు మొదటినుంచీ గిట్టదు. ఖైదీ బిడ్డ ముఖం పత్రికలో పడితే మర్నాడు బడిలో వాడి గతేమిటో ఒక్కసారి ఊహించుకోండి. ఫొటోలు తియ్యం, పేర్లు బయటపెట్టం అని మొదటి పేరాలోనే రాసెయ్యండి.

నిలకడగా చేసి చూపించినవాళ్ళూ లేకపోలేదు. బొంబాయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థవారు 1990లో 'ప్రయాస్' పేరుతో పని మొదలుపెట్టారు. చదువుకున్న సామాజిక కార్యకర్తలను జైలుకూ, కుటుంబానికీ, కోర్టుకూ నడుమ తిరిగేలా ఏర్పాటుచేశారు. ఢిల్లీలో కిరణ్ బేడీ తీహార్ జైలు అధికారిగా ఉన్న రోజుల్లో, 1994లో, ఇండియా విజన్ ఫౌండేషన్ పుట్టింది. ఖైదీల పిల్లల చదువు అందులో ముఖ్యమైన పని. ఒకటి విశ్వవిద్యాలయం అండతో, ఇంకొకటి అధికారి చొరవతో వచ్చింది. మనకు అవేవీ లేవు కదా అంటారా? ప్రతి జిల్లాలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, జైళ్ళలో ఉచిత న్యాయ సహాయం దాని పనే. జైలు సందర్శకుల మండలి అని కూడా ఉంటుంది. మాదిరి మాన్యువల్ ప్రకారం జిల్లా జడ్జి దానికి అధ్యక్షులు, ప్రభుత్వం నియమించిన అనధికార సందర్శకులూ అందులో ఉంటారు. మీ అర్జీ నకలు వీళ్ళకూ ఇచ్చారనుకోండి, జడ్జిగారు తనిఖీకి వచ్చినప్పుడు "ఆ కాగితం ఏమైంది?" అని అడగడానికి ఒకరుంటారు.

అసలు అనుమతే అక్కర్లేని పని ఒకటి చెప్తాను. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ములాఖత్‌లు ఆపేశారు, వాటి స్థానంలో వీడియో కాల్స్ మొదలయ్యాయి. ఈ-ములాఖత్ అనే ప్రభుత్వ ఏర్పాటులో ముందుగా ఫోనులోనే పేరు నమోదు చేసుకోవచ్చు. పేరు, గుర్తింపు కార్డు, ఫోను నంబరు, ఖైదీ పేరు, ఏ జైలు, అంతే. మనం కూరగాయలకు డబ్బు పంపినంత తేలిక. అయితే చదువురాని నాయనమ్మకు అది కొండంత పని. మీ పనిమనిషి కొడుకో, ఇస్త్రీ చేసే అతని తమ్ముడో లోపల ఉంటే, మధ్యాహ్నం పని ముగిశాక పావుగంట కూర్చుని చేసిపెట్టవచ్చు. కేసు వివరాలు అడగవద్దు. కార్డు ఫొటో మీ ఫోనులో ఉంచుకోవద్దు, వాళ్ళ ఎదురుగానే తీసెయ్యండి.

అర్జీ సంగతికి మళ్ళీ వస్తాను. ఒక పేజీ చాలు. ఎవరు వస్తారు, ఏ రోజు, ఎన్ని గంటలు, ఖర్చు ఎవరిది, ఒకరికి ఒంట్లో బాగుండకపోతే బదులు ఎవరు, ఇవి ఉండాలి. వచ్చే ప్రతి మనిషీ పోలీసు విచారణకు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. శాశ్వతంగా అనకుండా మూడు నెలలు ప్రయోగంగా అని అడగండి, అధికారికి సరే అనడానికి ధైర్యం వస్తుంది. ఇచ్చేటప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవద్దు. నెలన్నర గడిచినా జవాబు లేకపోతే, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద "మా అర్జీ ఏ ఆఫీసులో, ఎవరి దగ్గర ఉంది?" అని అడగవచ్చు. 30 రోజుల్లో చెప్పాలి. పోట్లాట మాటలు వద్దు, ఆ ఒక్క ప్రశ్న చాలు. వద్దంటే కారణం రాసి ఇవ్వమనండి, ఆ కారణానికి తగ్గట్టు దిద్ది మళ్ళీ పెట్టవచ్చు. సరే అంటే మాత్రం, ఉత్తరం అందిన రోజునే కూర్చుని పన్నెండు వారాలకూ ఎవరెవరు వెళ్ళేదీ పేర్లు వేసి, ఆ చీటీ వంటింటి గోడకు అంటించుకోండి.