మీకు తెలుసా? పడవ అడుగున టికెట్ లేని ప్రయాణికులు

కళ్లకన్నా వేళ్లే నమ్మకం

అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దున టాహో అనే సరస్సు ఉంది. లోతు 500 మీటర్ల దాకా ఉంటుంది. అందులో మోటారు పడవ దించాలంటే ముందు తనిఖీ చేయించుకోవాల్సిందే. 2008 నుంచి అక్కడ ఇదే పద్ధతి. ట్రైలర్ మీద ఎక్కించి తెచ్చిన పడవ చుట్టూ ఇన్‌స్పెక్టర్ ఒక చుట్టు తిరుగుతారు. చేతిలో టార్చిలైటు ఉన్నా ఆయన అసలు పనిముట్టు అరచెయ్యే. పడవ అడుగును మెల్లగా తడుముకుంటూ పోతారు. నున్నగా జారిపోవాల్సిన చోట ఉప్పుకాగితం మీద రాసినట్టు చెయ్యి గరగరలాడిందా, ఇక ఆ పడవ అప్పటికి నీళ్లలోకి దిగే ఆశ లేనట్టే. కొత్తగా అతుక్కున్న పిల్ల ఆల్చిప్పలు తగిలేది అలాగే. అంత చిన్నవాటిని చూసి పట్టుకోవడం కష్టం.

ఇన్‌స్పెక్టర్లు వెతికేది ముఖ్యంగా రెండు రకాల కోసం. ఒకటి జీబ్రా ఆల్చిప్ప, రెండోది క్వాగా ఆల్చిప్ప. రెండూ నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాలవి. పెద్దయ్యాక కూడా బొటనవేలి గోరంతే ఉంటాయి.

బిరడా పీకి చూపించాలి

పెద్ద ఆల్చిప్పలతో పెద్ద చిక్కు లేదు. గట్టిగా కరుచుకుని ఉంటాయి, దొరికిపోతాయి. వాటి పిల్లలతోనే తంటా. ఒక్క ఆడ ఆల్చిప్ప ఏడాదిలో లక్షల గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చే లార్వాలు వెంట్రుక మందాన ఉండి కొన్ని వారాల పాటు నీళ్లలో తేలుతూ తిరుగుతాయి. కాబట్టి పడవలో మిగిలిన గ్లాసెడు నీళ్లు కూడా అనుమానించదగ్గవే. ఇంజన్‌ను చల్లబరిచే గొట్టాల్లో, పట్టిన చేపలను బతికించుకునే తొట్టెలో, లంగరు తాడు పేటల్లో, అడుగున పేరుకున్న మురికినీటిలో, ఎక్కడైనా అవి ఉండొచ్చు.

అందుకే మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో పడవను రోడ్డు మీద లాక్కెళ్లేటప్పుడు అడుగు బిరడా తీసేసి ఉంచాలని చట్టమే చేశారు. తనిఖీ కేంద్రంలో ఇన్‌స్పెక్టర్ మొదట గొంతుక్కూర్చుని చూసేది ఆ కన్నం వైపే. చుక్కలు కారుతుంటే యజమాని మొహం చిన్నబోతుంది. ‘నిన్ననే కడిగానండీ’ అన్న మాట అక్కడ చెల్లదు. కడిగితే చాలదు, ఆరాలి.

తనిఖీలో నెగ్గిన పడవకు, ట్రైలర్‌కు కలిపి ఒక తీగ ముడి వేసి సీలు బిగిస్తారు. పడవను ట్రైలర్ మీంచి దించాలంటే ఆ తీగ తెంపక తప్పదు. మళ్లీ వచ్చినప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉంటే, మధ్యలో ఆ పడవ మరే చెరువు నీళ్లూ తాగలేదని లెక్క. కోట్ల ఖరీదు చేసే యంత్రాల దేశంలో ఇంత చవక ఉపాయం పనిచేస్తోందంటే ముచ్చటేస్తుంది.

వేడినీళ్లే మందు

అనుమానం వస్తే పడవకు స్నానం చేయిస్తారు. సబ్బు లేదు, మందు లేదు, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లు. అంగుళం అంగుళం వదలకుండా, ఒక్కోచోట కనీసం పది సెకన్లు ధార తగిలేలా కొడతారు. చర్మం కాలే వేడి కాబట్టి చేతికి తొడుగులు తప్పనిసరి.

వేడినీళ్లు లేనిచోట రోజులే మందు. ఎండలో అయితే ఆల్చిప్పలు కొద్ది రోజుల్లో చస్తాయి. చల్లగా, తేమగా ఉంటే మాత్రం నీళ్లు లేకపోయినా వారాల తరబడి మొండిగా బతుకుతాయి. కొన్ని సరస్సుల దగ్గర 30 రోజుల క్వారంటైన్ పెట్టింది ఇందుకే. 2024 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ రేవులో గోల్డెన్ ఆల్చిప్ప అనే మూడో రకం బయటపడింది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఈ రకం ఉత్తర అమెరికాలో కనిపించడం అదే మొదటిసారి. దాంతో చుట్టుపక్కల జలాశయాలన్నీ ఉలిక్కిపడ్డాయి. శాక్రమెంటో పక్కనున్న ఫాల్సం సరస్సులో 2025 నుంచి సీలూ క్వారంటైన్ల నిబంధన వచ్చింది. ఫాల్సం చుట్టుపట్ల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడ సొంత పడవ ఉన్నవాళ్లకు ఈ నెల రోజుల నిరీక్షణ గురించి మనం చెప్పక్కర్లేదు.

ఒక చిన్న ఆల్చిప్పకు ఇంత హడావిడా?

1988లో అమెరికా, కెనడాల మధ్యనున్న సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా ఆల్చిప్ప కనిపించింది. యూరప్ వైపు నుంచి వచ్చిన ఓడలు బరువు కోసం నింపుకుని, అక్కడ పారబోసిన నీళ్లలో వచ్చిందని శాస్త్రవేత్తల నిర్ధారణ. మరుసటి ఏడాదే మిషిగన్‌లోని మన్రో పట్టణానికి మంచినీళ్లు ఆగిపోయాయి. ఊరికి నీళ్లు తోడే గొట్టంలో ఆల్చిప్పల మీద ఆల్చిప్పలు పేరుకుని దారి మూసేశాయి. బడులు, దుకాణాలు మూతపడ్డాయి.

ఇవి చేరిన సరస్సులో నీరు తేటగా మారుతుంది. మేలే కదా అనుకునేరు! ఒక్కో ఆల్చిప్ప రోజుకు లీటరు దాకా నీటిని వడగట్టి, చేపపిల్లల నోటి దగ్గరి తిండిని తాను మింగేయడం వల్ల వచ్చిన తేట అది.

2007 జనవరిలో క్వాగా ఆల్చిప్ప హూవర్ డ్యామ్ వెనకున్న మీడ్ సరస్సులో దొరికింది. ఈ ఆల్చిప్పలు అప్పటికే తిష్ఠ వేసిన ఉత్తరాది మహా సరస్సుల (గ్రేట్ లేక్స్) నుంచి నెవాడా ఎడారి వేల కిలోమీటర్ల దూరం. నది కలపలేదు, కాలువ కలపలేదు. ఎవరి పడవో హైవే మీద తెచ్చి ఉంటుందని భావిస్తున్నారు. పశ్చిమ రాష్ట్రాలు రోడ్ల మీద తనిఖీ కేంద్రాలు ఎక్కువగా పెట్టింది ఆ తర్వాతే.

వాసన పట్టే ఇన్‌స్పెక్టర్లు

కెనడాలోని ఆల్బర్టాలో, అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఈ పనికి కుక్కలకు శిక్షణ ఇచ్చారు. ఆల్చిప్ప వాసన తగలగానే పడవ పక్కన చతికిలబడి కూర్చుంటాయి. చీకటైనా వాటికి లెక్కలేదు.

విశాఖలో కాపురం, డార్విన్‌లో మరణశిక్ష

జీబ్రా ఆల్చిప్పకు ఉప్పునీటి చుట్టం ఒకటుంది. నల్ల చారల ఆల్చిప్ప అంటారు. శాస్త్రీయ నామం మైటిలాప్సిస్ సాలై. పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ తీరాలు. అది మన విశాఖపట్నం హార్బర్‌లో 1967లోనే కనిపించింది! ఆంధ్రా విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో దాని మీద పరిశోధన పత్రం ప్రచురించారు. ఓడల అడుగున అంటుకుని వచ్చి ఉండాలి. ఇక్కడి నీళ్లు నచ్చి, ఓడలకూ జెట్టీలకూ గుత్తులు గుత్తులుగా అంటుకుని స్థిరపడిపోయింది. అప్పట్లో ఎవరూ పెద్దగా గగ్గోలు పెట్టలేదు.

సరిగ్గా ఇదే జీవి 1999 మార్చిలో ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో, కల్లెన్ బే అనే పడవల రేవులో గజ ఈతగాళ్ల కంటపడింది. అంతకు ఆరు నెలల ముందే అక్కడ సర్వే చేస్తే ఒక్కటీ లేదు. ఇప్పుడేమో చదరపు మీటరుకు 20 వేలకు పైగా! పుట్టిన నెల రోజులకే పిల్లల్ని కనే జాతి కదా. మరో రెండు రేవుల్లోనూ దొరికింది. విదేశాల నుంచి వచ్చిన ఏదో షికారు పడవ తెచ్చి ఉంటుందని అనుమానం. విశాఖ నుంచే వెళ్లిందని మాత్రం ఎవరూ అనలేదు, మనం నేరం నెత్తిన వేసుకోనక్కర్లేదు.

ఇక్కడ డార్విన్‌కు ఒక అదృష్టం కలిసొచ్చింది. అక్కడ ఆటుపోట్ల తేడా ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. పోటు తీసినప్పుడు పడవలు బురదలో కూలబడకుండా ఈ రేవులకు లాకులు కట్టారు. గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఆ తలుపులు మూసేశారు. రేవులు మూడూ మూడు చెరువులయ్యాయి. వాటిలో 150 టన్నులకు పైగా బ్లీచింగ్ ద్రావణం, టన్నుల కొద్దీ మైలుతుత్తం గుమ్మరించారు. ఆల్చిప్పలతో పాటు లోపలున్న చేపలు, పీతలు, సమస్తం చచ్చాయి. ఆ రేవులకు వచ్చి అప్పటికే వెళ్లిపోయిన పడవలను ఆస్ట్రేలియా తీరం పొడుగునా వెతికి పట్టుకుని పరీక్షించారు. అలాంటివి 400కు పైనే. ఖర్చు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. నెల తిరిగేసరికి ఆల్చిప్ప ఆనవాలు లేదు. ఒకసారి సముద్రజీవి పాతుకున్నాక దాన్ని పూర్తిగా తుడిచిపెట్టిన ఉదాహరణలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

అప్పట్నుంచి విదేశీ షికారు పడవ ఏదైనా డార్విన్ లాకుల్లోంచి లోపలికి రావాలంటే ముందు ఈతగాళ్లు దాని అడుగున చూసి రావాలి. సముద్రపు నీరు పారే లోపలి గొట్టాల్లో మందు నింపి కొన్ని గంటలు ఉంచాలి.

తలుపుల్లేని చోట

నదికి లాకులు వేసి ఆపేయడం కుదరదుగా. 2023 సెప్టెంబర్‌లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, ట్విన్ ఫాల్స్ దగ్గర స్నేక్ నదిలో క్వాగా లార్వాలు దొరికాయి. పారే నదిలోనే రాగి మందు కలిపారు. టన్నుల కొద్దీ చేపలు తేలాయి. 2024లో లార్వాలు మళ్లీ కనిపించాయి, మళ్లీ మందు కలిపారు. ఇదే ఐడహో 2009 నుంచి రోడ్ల మీద పడవలు తనిఖీ చేస్తున్న రాష్ట్రం. తనిఖీ ఉన్నా దాటిపోయేవి దాటిపోతాయి. లేకపోతే ఎన్ని దాటేవో ఊహించుకోవడమే.

కొత్త సంవత్సరం నడిసముద్రంలో

న్యూజిలాండ్ 2018 నుంచి అడుగు శుభ్రంగా లేని ఓడను తన తీరానికి రానివ్వడం లేదు. 2022 డిసెంబర్ చివర్లో వైకింగ్ ఓరియన్ అనే విహార నౌక వందలాది ప్రయాణికులతో వస్తుంటే, అడుగున సముద్రజీవులు పేరుకున్నాయని అభ్యంతరం వచ్చింది. శుభ్రం చేయించుకోవడానికి ఓడ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ దగ్గరి సముద్రంలో ఆగింది. వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లు కొత్త సంవత్సరాన్ని సముద్రంలోనే జరుపుకోవాల్సి వచ్చింది. ఓడ అడుగు గోకే పని ఈతగాళ్లది.

పడవే అక్కర్లేదు

2021 మొదట్లో సియాటిల్‌లోని ఒక అక్వేరియం దుకాణంలో పనిచేసే ఉద్యోగి, అమ్మకానికి పెట్టిన నాచు బంతిలో జీబ్రా ఆల్చిప్ప ఉందని గమనించి అధికారులకు కబురు పెట్టారు. గాజుతొట్లో అందానికి వేసుకునే ఆ బంతులు ఉక్రెయిన్ నుంచి దిగుమతైనవి. వెతకగా వెతకగా దేశంలో ఇరవైకి పైగా రాష్ట్రాల దుకాణాల్లో దొరికాయి. రోడ్డు మీద ప్రతి పడవనూ ఆపుతున్న రాష్ట్రాల్లోకి కూడా పార్శిల్లో దర్జాగా వచ్చేశాయి. వాటిని కొన్నవాళ్లకు ప్రభుత్వం చెప్పిన విరుగుడు ఇది: బంతిని ఒక రోజంతా ఫ్రీజర్లో పెట్టండి, లేదా మరిగే నీళ్లలో వేయండి, ఆ తర్వాత కవర్లో కట్టి చెత్తబుట్టలో పారేయండి. తొట్టి నీళ్లను మాత్రం ఊరికే కాలువలో పారబోయకండి.