తవ్వేవారికీ ఓ సంఘం కావాలి

కృష్ణా, తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయం నేడు ఆలంపురంలో ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా ఆ గుడిని విప్పి తెచ్చి, ఇక్కడ తిరిగి నిలబెట్టారు. అంతకుముందు నాగార్జునకొండ లోయను సాగర్ నీరు ముంచక మునుపే, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన కేంద్ర పురావస్తు శాఖ భారీగా తవ్వకాలు జరిపింది. ఈ రెండూ ప్రభుత్వ శాఖలు చేసిన పనులు. మంచికైనా చెడ్డకైనా జవాబు చెప్పవలసిన అధికారులు ఉండేవారు.

కాలం మారింది. అనేక దేశాల్లో ఈ పని ప్రైవేటు సలహాదారుల చేతికి వచ్చింది. మన దేశంలోనూ 2010 నాటి చట్ట సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. వారసత్వంపై పడే ప్రభావాన్ని అంచనా వేసే నిపుణుల అవసరం ఇలా పెరుగుతోంది.

అసలు చిక్కు ఎక్కడ?

ఫీజు ఇచ్చేది కట్టేవాడు. "ఇక్కడ కట్టవద్దు" అని చెప్పవలసి వచ్చేది ఆ ఫీజు పుచ్చుకునేవాడే. ఒంటరి మనిషికి ఆ మాట అనడం కష్టం. అతడు అంటే, తక్కువ ధరకు అనుకూలమైన నివేదిక రాసిచ్చే మరొకరు దొరకవచ్చు. వంతెన బీటలు వారితే మరమ్మతు చేయవచ్చు. తవ్విపోసిన మట్టి పొరను మాత్రం మళ్లీ పేర్చలేం. అందులోని సాక్ష్యం ఒక్కసారే చదవగలం.

ఇతరులు ఏం చేశారు?

బ్రిటన్‌లో క్షేత్ర పురావస్తు నిపుణులు 1982లో సంస్థ పెట్టుకున్నారు. 1990లో ఇంగ్లండులో వచ్చిన ప్రణాళికా మార్గదర్శకాలతో తవ్వకాల ఖర్చు నిర్మాణదారులపై పడింది. పని పెరిగింది, పోటీ కూడా పెరిగింది. సభ్యులకు ప్రవర్తనా నియమావళి, అర్హతను బట్టి స్థాయిలు, సంస్థలకు తనిఖీ ఏర్పడ్డాయి. 2014లో ఆ సంస్థకు రాజశాసన గుర్తింపు లభించింది.

అమెరికాలో 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టం ఈ వృత్తికి పెద్ద పునాది. అక్కడ రెండు దారులు కనిపిస్తాయి. 1976లో ఏర్పడిన నిపుణుల సంఘం స్థానంలో 1998లో వృత్తి పురావస్తు నిపుణుల రిజిస్టరు వచ్చింది. అందులో చేరినవారు నియమావళికి కట్టుబడాలి. వారిపై ఫిర్యాదు వస్తే విచారణ ఉంటుంది. ఇక సలహా కంపెనీల ప్రయోజనాలు చూసేందుకు 1995లో మరో సంఘం వెలిసింది. మొదటిది వ్యక్తి నిజాయితీకి పూచీ, రెండవది వ్యాపారానికి అండ. ఈ రెంటినీ కలగాపులగం చేయకపోవడం గమనించదగినది.

మన దగ్గర ఎలా?

తెలుగు రాష్ట్రాల నిపుణులు పెద్ద భవనంతో, పదవుల పంపకంతో మొదలుపెట్టనక్కరలేదు. ఎవరు సభ్యులు కావచ్చునో తేల్చే అర్హతలు, నివేదికలో తప్పక ఉండవలసిన అంశాలు, దొరికిన వస్తువులను, రికార్డులను ఎక్కడ అప్పగించాలన్న నియమం, యువకులకు క్షేత్రంలో శిక్షణ - ఈ నాలుగు చాలు. శాసనాలు చదివేవారికి, శిల్పులకు, కట్టడాల ఇంజనీర్లకు కూడా అందులో చోటుండాలి. నివేదికలు ప్రజలకు అందుబాటులో ఉంటే, తమ ఊరి దిబ్బ గురించి ఏం రాశారో గ్రామస్థులూ తెలుసుకోగలరు.

సంఘం పెట్టడం తేలిక. సొంత సభ్యునిపై వచ్చిన మొదటి ఫిర్యాదును మొగమాటం లేకుండా విచారించిననాడే దానికి విలువ.